సముద్రము మురుగుగుంట కాదు

“సముద్ర మెంత? మన మురుగెంత?” అని చదువుకొన్న పెద్దలు సయితము పలుకుట మేము పలుమారులు వింటిమి. ఈ మాట పైకి యుక్తముగానే తోచును. కాని మేము దీని నంగీకరింపజాలము. మురుగు చేరునది నడిసముద్రమును కాదు, ఒడ్డును. అచ్చట లోతు తక్కువ. ఉప్పుటేరులందును, అఖాతములందును నీరు త్వరగా మారదు. అనేకజాతుల చేపపిల్లలు పెరుగు తావులును అవియే.

శుద్ధి చేయని మురుగువలన ముఖ్యముగా మూడు కీడులు కలుగును. మాలిన్యమును కుళ్లజేయు సూక్ష్మజీవులు నీటిలో కరిగియున్న ప్రాణవాయువును హరించుటచే చేపలు ఊపిరాడక చచ్చును. ఇది మొదటిది. మురుగులోని నత్రజనియు, భాస్వరమును పైరునకువలెనే నాచునకును ఎరువగును. నాచు దట్టమై వెలుతురు నడ్డగింపగా అడుగున నున్న సముద్రపు గడ్డి నశించి, చేపపిల్లలకు నెలవు తప్పును. ఇది రెండవది. నీటిని వడగట్టి తిను ఆలుచిప్పలు రోగక్రిములను తమలో చేర్చుకొని, వానిని సరిగా ఉడికింపక తినువారికి వ్యాధులను దెచ్చును. ఇది మూడవది.

ఈ కీడు తొలగునా? అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రమున టాంపా అఖాతమును చూడుడు. అచ్చట 1950 ప్రాంతమున సుమారు 40,000 ఎకరముల సముద్రపు గడ్డి యుండెను. మురుగుచేతను, అడుగు త్రవ్వుటచేతను 1982 నాటికి అది సుమారు 21,600 ఎకరములకు దిగెను. మురుగును ఉన్నతరీతిని శుద్ధి చేయవలెనని 1972లో చట్టము చేసి, దాని నమలు పరచిన పిమ్మట నీరు క్రమముగా తేటపడెను; 2016 నాటికి గడ్డి 41,000 ఎకరములు దాటెను. తరువాతి యేండ్లలో మరల తరిగినది. కావున జాగరూకత ఒకనాటితో తీరునది కాదు.

మన దేశపు సంగతి యేమి? 2020-21లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారము పట్టణములలో దినమునకు సుమారు 7,236 కోట్ల లీటర్ల మురుగు పుట్టుచుండగా, శుద్ధి యైనది సుమారు 2,023 కోట్ల లీటర్లు మాత్రమే. అనగా నూటికి ఇరువదియెనిమిది పాళ్లు. శుద్ధికి ధనము లేదనువారు, ఆ ధనమును ఇప్పటికే జాలరి తన వట్టివలతో చెల్లించుచున్నాడని మరచుచున్నారు.

ఇతరులను నిందించుటకు ముందు మేము తల వంచుకొనవలసి యున్నది. మా వసతిగృహపు మురుగునీరును వెనుకటి కాలువలోనికే పోవుచున్నది. ఆ కాలువ పోవునది సముద్రమునకే. తరగతిలో ఆరోగ్యసూత్రములు చెప్పి, గోడకావల వానిని మేమే త్రోసివేయుచున్నాము. స్నానపునీటిని తోటకు మళ్లింపవలెననియు, మరుగుదొడ్ల తొట్టిని వేళకు తీయించి ఆ మడ్డిని శుద్ధికేంద్రమునకు పంపవలెననియు పాఠశాలాధికారులను వినయముతో కోరుచున్నాము.

తలిదండ్రులారా! ఓట్లు అడుగవచ్చువారిని “మన ఊరి మురుగు ఎచ్చటికి పోవుచున్నది?” అని అడుగుడు. విద్యార్థులారా! మీ యింటి కాలువ వెంట చివరివరకు ఒకమారు నడచిచూడుడు. అది ఎచ్చట ముగియునో అచ్చటినుండియే మీ పాఠము మొదలగును.