అతిథికి ఎదురు కట్నం

హైదరాబాదు ఫార్ములా–ఈ కారు పందెం వ్యవహారం మీద నాలుగు మాటలు వ్రాయమని ఇద్దరు ముగ్గురు బ్లాగ్మిత్రులు చాలాకాలంగా అడుగుతున్నారు. ఛందస్సూ సమాసాలూ చెప్పుకొని బ్రతికిన తెలుగు పండితుడికి కారు పందేలతో పనేమిటని మరొక మిత్రుడు చమత్కరించారు. పని ఉన్నది. చక్రాల సంగతి నాకు తెలియకపోవచ్చు. ఆ పందెం జమాఖర్చులో దొర్లిన తెలుగు మాటల సంగతి మాత్రం తెలుసు. నా తగాదా ఆ మాటల దగ్గరే మొదలవుతుంది.

మొదటి మాట “ఆతిథ్యం”. హైదరాబాదు ఈ పందేనికి ఆతిథ్యమిచ్చిందని అందరూ వ్రాశారు, నేతలూ అదే మాట అన్నారు. తిథి నియమం లేకుండా గడప తొక్కేవాడు అతిథి అని బడిలో పిల్లలకు చెప్పేవాళ్ళం. ఈ అతిథి అలాంటివాడు కాడు. తిథిని తానే నిర్ణయిస్తాడు. ఏ వీధి మూయాలో, ఎక్కడ కంచె కట్టాలో, ఎవరి ప్రకటన ఎంత ఎత్తున వ్రేలాడాలో తానే చెబుతాడు. ఇంత చేసి, వచ్చినందుకు మన దగ్గరే రుసుము పుచ్చుకుంటాడు. ఇది ఆతిథ్యం కాదు, ఎదురు కట్నం.

ఈ వ్యాపారం లోగుట్టు కొంచెం తెలుసుకుంటే తప్ప నా కోపం మీకు అర్థం కాదు. ప్రపంచ కారు పందేల్లో అన్నిటికన్నా పెద్దదైన ఫార్ములా వన్ సంస్థకు 2023లో 320 కోట్ల డాలర్ల పైచిలుకు రాబడి వచ్చింది. అందులో పదింట మూడు పాళ్ళకు దగ్గరగా, పందెం జరిపించుకొనే ఊళ్ళూ నిర్వాహకులూ చెల్లించిన రుసుమే. టీవీ హక్కులు, ప్రకటనలు దానికి తోడు. అంటే నాటకం ఆడినందుకు ఊరివాళ్ళు సొమ్మిస్తారు, ఆ నాటకాన్ని లోకానికి చూపించే హక్కును నాటకంవాళ్ళే అమ్ముకుంటారు, తెర మీద వ్రాసే పేర్లకు వేరే సొమ్ము తీసుకుంటారు. ఊరికి మిగిలేది టికెట్ల డబ్బు. వాన పడినా, జనం రాకపోయినా ఆ నష్టం ఊరిదే. మా సురభి నాటకాలవాళ్ళు ఇలాంటి ఒప్పందం ఒక్కటి వ్రాయించుకొని ఉంటే ఈపాటికి మేడలు కట్టేవారు.

ఇది కల్పన కాదు. ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో జేపీ సంస్థ బుద్ధ సర్క్యూట్ కట్టి 2011 నుంచి మూడేళ్ళు ఫార్ములా వన్ నడిపింది. పన్నుల తగాదా సుప్రీంకోర్టుకు చేరడం వల్ల ఆ ఒప్పందం కోర్టు తీర్పులోకి ఎక్కింది. పందెం జరిపించుకొనే హక్కుకు 4 కోట్ల డాలర్లు. ప్రసార హక్కులు, ప్రకటనలు, ధనికులు కూర్చొని చూసే ప్రత్యేక మందిరం, అన్నీ విదేశీ సంస్థ తాలూకు కంపెనీలకే. ఆ మూడు రోజులూ ఆ మైదానం విదేశీ సంస్థ స్థిర వ్యాపారస్థలమేనని, మన దేశంలో పన్ను కట్టవలసిందేనని 2017 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. తీర్పు వచ్చేనాటికి పందేలు లేవు; 2013 తరువాత ఆగిపోయాయి. 2020లో ఆ భూమి కేటాయింపును కూడా అక్కడి అభివృద్ధి సంస్థ రద్దు చేసింది. మూడేళ్ళూ గెలిచిన వెటెల్ కప్పులు తీసుకొని వెళ్ళిపోయాడు.

మనకు ఈ మోజు కొత్తది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా ఉన్న చివరి రోజుల్లోనే ఫార్ములా వన్‌ను హైదరాబాదుకు తేవాలని ప్రయత్నించారు, భూములు కూడా చూశారు. 2004లో ప్రభుత్వం మారింది, ఆ ముచ్చట తీరలేదు. తీరనందుకు ఎవరూ ఏడ్చినట్టు నాకు గుర్తు లేదు.

ఇక 2023కు వస్తాను. ఆ సంవత్సరం ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల వీధుల్లో విద్యుత్తు కార్లు పరుగెత్తాయి. ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ యేడు ప్రమోటరుగా నిలిచినది ఒక ప్రైవేటు సంస్థ. రెండవ యేటికి ఆ సంస్థ తప్పుకున్నది. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. మిర్యాలగూడలో బియ్యం మిల్లు నడిపే ఏ ఆసామినైనా అడగండి: ఒక వ్యాపారి ఏడాది బేరం చేసి, రెండో ఏడు దండం పెట్టి తప్పుకుంటే ఆ సరుకు గురించి ఏమనుకోవాలి? మిల్లరు ఆ సరుకు జోలికి పోడు. మన ప్రభుత్వం పోయింది. ప్రైవేటు సంస్థ ఖాళీ చేసిన పీటమీద పురపాలక శాఖ కూర్చున్నది. 2023 అక్టోబరులో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ ఖాతా నుంచి బ్రిటన్ సంస్థకు పంపినదీ, పన్నులూ, ఇతర రుసుములూ కలిపి సుమారు 55 కోట్లు వెళ్ళాయి. డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024 జనవరి 5న, ఫిబ్రవరి 10న జరగవలసిన రెండవ పందెం రద్దయిందని ఫార్ములా–ఈ ప్రకటించింది. కొత్త ప్రభుత్వం ఒప్పందాన్ని నెరవేర్చనన్నదని వారి ఫిర్యాదు. సొమ్ము పోయింది, కార్లు రాలేదు.

2024 డిసెంబరులో అవినీతి నిరోధక శాఖ కేసు పెట్టింది. అప్పటి పురపాలక మంత్రి కె.టి. రామారావును మొదటి నిందితునిగా చూపింది. మంత్రివర్గ ఆమోదం లేదని, ఆర్థికశాఖను అడగలేదని, ఎన్నికల నియమావళి అమలులో ఉండగా ఒప్పందం జరిగిందని ఆరోపణలు. నగర ప్రతిష్ఠ కోసమే చేశామని, ఇందులో అవినీతి లేదని, ఇది కక్షసాధింపని ఆయన వాదన. ఆ ధర్మసూక్ష్మాలు న్యాయస్థానం తేలుస్తుంది, నేను తేల్చను. ఒక పార్టీవారు నన్ను తమవాడనుకోవద్దు, రెండవవారు పగవాడనుకోవద్దు. నా ప్రశ్న వేరు. ఆ ఫైలు మీద పడవలసిన సంతకాలన్నీ పడి, అనుమతులన్నీ వరుసగా వచ్చి ఉంటే, అప్పుడైనా ఇది చేయదగిన బేరమేనా? దొంగ సంతకమా, దొర సంతకమా అన్న రగడలో బేరం మంచిచెడ్డలు అడిగేవాడే లేకుండా పోయాడు.

హైదరాబాదులో ఉద్యోగం చేసే నా పూర్వ విద్యార్థి ఒకడు పండుగకు కోదాడ వచ్చినప్పుడు నాతో గట్టిగా వాదించాడు. “సార్, మీరు 55 కోట్లే చూస్తున్నరు. మొదటి పందెంతోటి నగరానికి 8.4 కోట్ల డాలర్ల లాభమని నీల్సన్ సంస్థ లెక్క తీసింది. అంటే దగ్గరదగ్గర 700 కోట్లు” అన్నాడు. తెలివైన పిల్లవాడు, బడిలోనూ లెక్కల్లో ముందుండేవాడు. నేను అడిగినది ఒక్కటే: ఆ 700 కోట్లు ఏ ఖాతాలో జమ అయ్యాయిరా? ఇలాంటి లెక్కల్లో హోటలు గదుల అద్దె ఉంటుంది, విమాన టికెట్లుంటాయి, టీవీలో ఊరి పేరు ఇన్ని నిమిషాలు కనబడితే ప్రకటనగా దానికింత విలువని కట్టే ఊహాధనం ఉంటుంది. ఆ వారం వీధులు మూసినందుకు బేరం పోయిన టీ బండివాడి పద్దు ఎవరు వ్రాస్తారు? పైగా, హోటలువాడికి లాభం వస్తే రుసుము హోటలువాడిని కట్టమనాలి గదా. లాభం ఒకరి గల్లాలోకి, రుసుము అందరి గల్లాలోంచి. వాడు నవ్వి, “సార్, బ్రాండ్ ఇమేజ్ అనేది ఒకటుంటది” అన్నాడు. నేను తగాదా పడుతున్న రెండవ మాట ఇదే. ప్రతిష్ఠ అంటే నిలకడగా నిలపడం. విగ్రహ ప్రతిష్ఠ చేస్తే విగ్రహం మర్నాడూ అక్కడే ఉంటుంది. రుసుము కట్టినన్నాళ్ళు ఉండి, కట్టకపోతే పోయేదాన్ని అద్దె అంటారు.

ఇప్పుడు మా ప్రాంతపు ముచ్చట ఒకటి చెబుతాను. అదే 2023 ఫిబ్రవరిలో, ఆ పందేనికి సరిగ్గా ముందు, 5 నుంచి 9 వరకు సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల జాతర జరిగింది. రెండేళ్ళకొకసారి వచ్చే జాతర. తెలంగాణలో మేడారం తరువాత దీన్నే చెబుతారు. లక్షల మంది “ఓ లింగా” అంటూ గట్టెక్కుతారు. ఆ రోజుల్లో విజయవాడ రహదారి మీద బండ్లను నార్కట్‌పల్లి దగ్గర మళ్ళించి, నల్లగొండ, మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరుస్తారు. మాకూ ఇబ్బందే, మేమూ గొణుగుతాం. సర్కారు ఖర్చూ ఉన్నది: నీళ్ళు, దీపాలు, పోలీసు బందోబస్తు. అయితే ఇన్ని లక్షల మందిని రప్పించినందుకు లింగమంతుల స్వామి ఏ లండను చిరునామాకూ చెక్కు పంపమనడు. బొంగులు, బొరుగులు, కొబ్బరికాయలు, గాజులు అమ్ముకొనేవాళ్ళు ఎక్కడెక్కడినుంచో వచ్చి నాలుగు రూపాయలు వెనకేసుకొని పోతారు.

పందేలే కావాలంటే శివరాత్రికి మేళ్ళచెరువు రండి. ఎడ్లచేత బండ లాగించే పోటీలకు ఎంత దూరం నుంచో రైతులు తమ జోడెడ్లను లారీల్లో తెచ్చుకుంటారు. బహుమతి సొమ్ము ఏ దాత ఇచ్చాడో మైకులో పదిసార్లు చదువుతారు, వినీ వినీ మనకు విసుగు పుడుతుంది. ఆ విసుగే జమాఖర్చు పారదర్శకత. సొమ్ము ఎవరిది, ఎవరికి పోతున్నది అన్నది మైదానంలో నిలబడ్డ ప్రతి పిల్లవాడికీ తెలుసు. హుస్సేన్‌సాగర్ పందెం లెక్క మనకు తెలిసింది సొమ్ము పోయిన తరువాత.

వృత్తిదోషం చేత ఒక భాగహారం కూడా చేశాను. నూరు దాటి 250 లోపు పిల్లలున్న సర్కారు బడికి సమగ్ర శిక్ష కింద ఏడాదికి వచ్చే గ్రాంటు 50 వేలు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, విరిగిన బల్లల మరమ్మతు, మరుగుదొడ్ల శుభ్రత అన్నీ అందులోనే. 55 కోట్లంటే అలాంటి 11,000 బడుల ఏడాది గ్రాంటు. ఇది సులభమైన వాదమని నాకు తెలుసు. మహానగర సంస్థ సొమ్ము లేఅవుట్ల రుసుముల నుంచి వచ్చినది, అది మా బడులకు ఎటూ వచ్చేది కాదు. కాని ఆ సొమ్ము కట్టినవాడు ప్లాటు కొని ఇల్లు కట్టుకున్న మనిషి. ఆ ప్లాటుకు రోడ్డు, మోరీ రావాలని కట్టాడు. వాడి గుమ్మం ముందు మోరీ పని ఆగి ఉండగా హుస్సేన్‌సాగర్ చుట్టూ కారు తిరిగితే, వాడికి ఏ ప్రతిష్ఠ దక్కినట్టు?

కారు పందేలు వద్దని నేననను. మహీంద్రా వారు 2014లో ఫార్ములా–ఈ పుట్టిననాటినుంచీ సొంత జట్టును నడుపుతున్నారు. వారి సొమ్ము, వారి ఇష్టం, గెలిస్తే నేనూ సంతోషిస్తాను. సర్కారు సొమ్ము పెట్టదలచినప్పుడు మాత్రం మూడు పనులు చేయమంటాను. ఒప్పందం పాఠాన్ని సంతకానికి ముందే తెలుగులో జనం ముందు పెట్టాలి. పందెం ఆగిపోతే కట్టిన సొమ్ము ఎవరు, ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో అందులో వ్రాసి ఉండాలి. ప్రైవేటు ప్రమోటరు తప్పుకుంటే ఒప్పందం దానంతటదే రద్దు కావాలి, సర్కారు ఆ పీట ఎక్కరాదు. మూడవదానికి నా విద్యార్థి ఒప్పుకోలేదు. అలాంటి షరతు పెడితే ఏ పందెమూ మన ఊరికి రాదన్నాడు. రాకపోతే రాకపోనీ అన్నాను. మీలో ఒప్పందాల చట్టం తెలిసినవారుంటే, ఆ షరతు నిలుస్తుందో లేదో వ్యాఖ్యలో వ్రాయండి.