కెమేరా కబుర్లు: మహాబలిపురం

మహాబలిపురం వెళ్లినవారంతా సముద్రపుటొడ్డున ఉన్న గుడి ముందు నిలబడి ఫోటో దిగుతారు. మనిషి పెద్దగా, గుడి చిన్నగా పడుతుంది! ఈసారి వెళ్లినప్పుడు ఒక్క ఫోటో గుడికే కేటాయించండి. పెద్ద గుడి తూర్పుముఖం. పొద్దున్నే వెళితే ఎండ నేరుగా దానిమీద పడుతుంది.

ఎనిమిదో శతాబ్దంలో పల్లవరాజు రాజసింహుడు కట్టించిన గుడి అది. ఉప్పుగాలి ఆ రాతిని తినేస్తూనే ఉంది; శిల్పాల ముక్కూ ముఖమూ అరిగిపోయాయి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఇసుక కొట్టుకుపోయి, ఆ ఒడ్డునే కప్పడిపోయిన శిల్పాలు కొన్ని బయటపడ్డాయి.

కనుక ఫోటో అచ్చువేయించి, వెనుక తేదీ, మీరు నిలబడిన చోటు రాసిపెట్టండి. రేపు మీ మనుమడు అక్కడే నిలబడి ఇంకొకటి తీస్తే, సముద్రం ఏం పట్టుకుపోయిందో ఆ రెండూ చెబుతాయి.