అమ్మీజాన్ అడుగుతో అడుగు

ఇటలీ ఉత్తరాన ఉన్న లొంబార్డీ ప్రాంతానికి పిల్లలను, అమ్మీజాన్‌ను వెంటబెట్టుకొని వెళ్ళాము. మిలాన్‌లో తొలి రెండు రోజులూ జాబితా చేతబట్టి పరుగులు తీశాము. 1386లో నిర్మాణం మొదలైన దువోమో కెథెడ్రల్ పైకప్పు మీద పిల్లలు సంబరపడ్డారు. సైన్స్ మ్యూజియంలోని నిజమైన జలాంతర్గామిని విడిచి రానన్నారు. ప్రతిచోటా అమ్మీజాన్ మాట మాత్రం ఒక్కటే: "మీరు చూసి రండి బేటా, నేనిక్కడ కూర్చుంటాను." ఆ మాట వెనుక ఉన్న మోకాళ్ళ నొప్పి మాకు ఆలస్యంగా అర్థమైంది.

మూడవనాడు జాబితాను మడిచి సంచిలో పెట్టి, రైలులో కోమో సరస్సుకు వెళ్ళాము. 1894 నుండి నడుస్తున్న కొండరైలు దాదాపు ఏడు నిమిషాలలో మమ్మల్నందరినీ బ్రునాతేకు చేర్చింది. కింద కనిపిస్తున్న ఊరు బ్యాటరీని కనుగొన్న వోల్టా జన్మస్థలం. ఒకప్పుడు సైన్స్ పాఠాలు చెప్పిన అమ్మీజాన్ ఆ కథ మొదలుపెట్టగానే పిల్లలు ఆమె చుట్టూ చేరారు. సాయంత్రం పడవలోనూ ఆమె పక్క చోటు కోసమే పోటీ పడ్డారు.

బెర్గామో కోటగోడలు, గార్దా సరస్సు చూడనేలేదు. అయినా ఆ లోటు మాకు తోచలేదు. పెద్దలతో బయలుదేరే కుటుంబాలకు మా మనవి ఇదే: రోజుకొక్క చోటు చాలు, అది అందరూ కలిసి చూడగలిగినదై ఉండాలి.