పంక్తిని విరవవచ్చు, అక్షరాన్ని విరవరాదు

పద్యపాదం చివర పదం విరగడం మనకు కొత్త కాదు. ఉత్పలమాలలో 20వ అక్షరంతో పాదం ముగుస్తుంది. పదం మిగిలి ఉంటే తరువాతి పాదంలోకి సాగుతుంది. అది దోషం కాదు. అయితే సంయుక్తాక్షరాన్ని చీల్చి, హల్లును ఈ పాదంలోను, వత్తును ఆ పాదంలోను ఉంచిన పద్యం ఉండదు. ఛందస్సులో లెక్క అంతా అక్షరాలతోనే కనుక ఆ ప్రమాదమే రాదు.

కంప్యూటరు లెక్క వేరు. పైథాన్ భాషలో పొడుగు వచనాన్ని చిన్న పంక్తులుగా మడిచే 'టెక్స్ట్‌వ్రాప్' అనే పనిముట్టు 2003 నాటి 2.3 రూపాంతరం నుండి ఉంది. ఖాళీ ఉన్నచోట అది చక్కగానే విరుస్తుంది. పంక్తిలో పట్టని పదం ఎదురైతే మాత్రం లెక్క ముగిసినచోట తెంపివేస్తుంది. ఆ లెక్క యూనికోడ్ సంకేతాలది. మనకు ఏకాక్షరమైన 'స్త్రీ' దానికి ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం.

మా పాతబస్తీకి పేరు తెచ్చిన 'చార్మినార్'ను మూడేసి సంకేతాల పంక్తులుగా మడవమనండి. మొదటి పంక్తి 'చార'. రెండవది ఆధారం లేని పొల్లుతో మొదలవుతుంది. 1591 నుండి నిలిచిన కట్టడం తెరమీద కూలిపోతుంది!

పదాలను తెంపవద్దని ఆజ్ఞాపించవచ్చు కదా అంటారు మిత్రులు. ఆ వీలూ ఉంది. కాని సంధులతో, ప్రత్యయాలతో పెరిగే భాష మనది. 'వెళ్ళవలసివచ్చినప్పటికీ' వంటి మాట ఇరుకు పంక్తిలో ఇమడదు. తెంపకపోతే అంచు దాటుతుంది. కావలసింది తెంపడం మానడం కాదు, ఎక్కడ తెంపాలో తెలియడం.

ముందు అక్షరాలుగా విడదీసి, పిదప లెక్కించాలి. 2023లో వెలువడిన యూనికోడ్ 15.1 విభజన సూత్రాలు తెలుగు సంయుక్తాక్షరాన్ని ఒకే గుచ్ఛంగా గుర్తించాయి. అంతకు మునుపు పొల్లు తరువాత తెగడానికి ఆస్కారం ఉండేది. అక్షరాల వెడల్పులు సమానం కావు గనుక పంక్తుల అంచులు కలవకపోవచ్చు. అది అందానికి సంబంధించిన లోటు. అక్షరం చీలితే చదువుకే లోటు; కొత్తగా చదవడం నేర్చే బిడ్డ ఒంటరి పొల్లును ఏమని పలకాలి?

ప్రోగ్రాములు రాసే యువమిత్రులకు నా విన్నపం ఒక్కటే. మీ పనిముట్టును లోకానికి అందించే ముందు 'స్త్రీ', 'రాష్ట్రం' అనే రెండు మాటలను ఇరుకైన పంక్తిలో పెట్టి చూడండి. అవి చెదరకుండా బయటపడితే అది తెలుగుకు పనికివచ్చినట్లే.