కొండ లేని వాళ్లం

బానిసత్వం పోయిన రోజుకు సర్కారు సెలవిచ్చే దేశం ఒకటుంది. మారిషస్. ఫిబ్రవరి 1న అక్కడ బళ్లకూ కచేరీలకూ సెలవు. 1835లో ఆ తారీఖునే అక్కడ బానిసత్వం రద్దయింది. మన దేశంలో ఏ తారీఖున రద్దయింది? చదువుకున్నవాళ్లే చెప్పండి. 1843లో కుంపిణీ ప్రభుత్వం ఐదో నంబరు చట్టం చేసింది. ఫలానావాడు నా బానిస అని కోర్టుకొచ్చే యజమాని హక్కు చెల్లదని అందులో రాశారు. బానిసను ఉంచుకోవటం నేరమని మాత్రం రాయలేదు. దానికి 1860లో శిక్షాస్మృతి రావాల్సొచ్చింది. ఈ సంగతి నాకు నలభయ్యేళ్ల వయసులో తెలిసింది. మా అయ్యకు తెలియనే లేదు.

మా పేట కోరంగికి దగ్గర. ఒకప్పుడు కోరంగి రేవులో ఓడెక్కిన తెలుగు కూలీలు మారిషస్ చెరుకు తోటల్లో తేలారు. ఆ బంధుత్వం పేరు చెప్పి రిటైరైన పంతుళ్లం కొందరం ఆ దీవి చూడ్డానికి పోయాం. అందరూ ఊళ్లోవాళ్లు. నేనొక్కణ్ణే పేటవాణ్ణి.

లెమోర్న్ కొండ దీవికి నైరుతి మూల సముద్రం ఒడ్డున ఉంది. 556 మీటర్ల ఎత్తు, నిలువు గోడల్లాంటి రాయి. కింద తెల్లటి ఇసుక, డబ్బున్నోళ్ల హోటళ్లు. ఆఫ్రికా నుంచి, మడగాస్కర్ నుంచి, మన దేశం నుంచి కూడా తెచ్చిన బానిసలు తోటల్లోంచి పారిపోయి ఈ కొండలో దాక్కున్నారు. 1723 నాటి ఫ్రెంచి చట్టం ప్రకారం, నెల రోజులు పారిపోయి దొరికితే చెవులు కోసి భుజం మీద వాత పెట్టాలి. రెండోసారి మోకాలి వెనక నరం కొయ్యాలి. మూడోసారి చావే. అది విని మావాళ్లు "అబ్బ, రాక్షసులు" అన్నారు. వేదం విన్న శూద్రుడి చెవిలో కాచి పొయ్యమన్న గౌతమ ధర్మసూత్రం వీళ్లకు తెలియదా? సంస్కృతం వచ్చినవాళ్లే. అది రాసినాయన్ని రుషి అంటారు. అందులోనైనా శూద్రుడి చెవే ఉంది, మా చెవి లెక్కలోకే రాలేదు.

ఆ కొండ గురించి నోటిమాటగా వచ్చిన కథ ఒకటుంది. మీకు విడుదలైందని చెప్పటానికి పోలీసులు కొండెక్కారట. పట్టుకోవటానికే వస్తున్నారనుకుని పైనున్నవాళ్లు కిందికి దూకేశారట. నేను నమ్మాను. ఎందుకు నమ్మను? 1991 ఆగస్టు 6న చుండూరులో, పోలీసులొచ్చారని పొలాలమ్మట పరుగెత్తిన మా మగవాళ్లను అక్కడ కాచుకున్నవాళ్లు నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఎనిమిది మంది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. కేసు సుప్రీంకోర్టుకు పోయింది. చుండూరులో స్మారకం లేదా అంటే ఉంది. ఊరి నడిబొడ్డున మావాళ్లను పూడ్చుకుని రక్తక్షేత్రమని పేరు పెట్టుకున్నది మేమే.

మర్నాడు పోర్ట్‌లూయీలో ఆప్రవాసీ ఘాట్‌కు పోయాం. బానిసలు పోయాక వాళ్ల జాగాలోకి తెచ్చిన మన కూలీలు ఓడ దిగి ఎక్కిన మెట్లు 16 ఉన్నాయక్కడ. 1834 నుంచి ఆ దీవికొచ్చినవాళ్లు నాలుగున్నర లక్షల పైనే. రిజిస్టర్లో ప్రతి కూలీకీ నంబరు, ఎత్తు, ఊరు, కులం. అక్కడొక తెలుగామె కలిసింది. మాట కూడబలుక్కుని మాట్లాడుతుంది. నిన్న కొండ కింద కళ్లొత్తుకున్న మా ఊరి పెద్దపంతులుగారు ఆవిణ్ణి అడిగిన మొదటి మాట, "ఇంటిపేరేవిటమ్మా?"

"తెలీదండి. తాత నంబరు తెలుసు."

ఆయన వదల్లేదు. "పోనీ, మీ పెద్దవాళ్లు ఏం పని చేసేవాళ్లు?"

పుట్టినప్పట్నుంచీ ఈ ప్రశ్నలు నేను వింటున్నవే. ఆవిడకు అర్థం కాలా. నవ్వింది. నల్లవాడి కోసం ఏడ్వటానికి వీళ్లకు సముద్రం దాటే ఓపికుంది. పెరట్లో పశువుల పాకలో పడుకున్న మనిషి మాత్రం కనపడడు.

ఆ మనిషి మా అయ్య. మేనత్త పెళ్లికి తెచ్చిన మూడొందలకు కామందు దగ్గర పాలేరుగా కుదిరాడు. కోడికూతకు పోయి పేడ తీసేవాడు. పగలంతా పొలం, రాత్రి కళ్లం కాపలా. ఏడాదికింతని గింజలు మాట్లాడుకుంటే అందులో సగం వడ్డీ కింద కామందు విరగ్గోసేవాడు. తాగటానికి చూరులో గ్లాసు. పద్నాలుగేళ్లు చేశాడు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చిందని పేపర్లో చదివి నేనే చెప్పా. అయ్య పోయి చేతులు కట్టుకుని అడిగాడు. "చట్టం ఢిల్లీలో ఉందిరా. నోటు నా ఇనప్పెట్టెలో ఉంది" అన్నాడు కామందు.

బానిసల్ని వదిలినందుకు బ్రిటిషు సర్కారు యజమానులకు 2 కోట్ల పౌండ్లు పరిహారమిచ్చింది. అందులో మారిషస్ వాటా 20 లక్షల పైనే. దానికి చేసిన అప్పు తీరింది 2015లో. బానిసకు ఒక్క పౌనూ లేదు. పైగా 'అప్రెంటిసు' పేరుతో ఇంకో నాలుగేళ్లు అదే తోటలో చాకిరీ. మన దగ్గర 1948లో మద్రాసు రాష్ట్రం జమీందారీలు రద్దు చేసి జమీందార్లకు పరిహారం కట్టింది. దున్నిన పాలేరుకు ఏం కట్టింది? తెల్లదొరకూ మన దొరకూ లెక్క ఒకటే. అయినా మారిషస్‌లో 2009లో సత్య న్యాయ కమిషన్ వేశారు. బానిసల బిడ్డలు, కూలీల బిడ్డలు ఏం పోగొట్టుకున్నారో విచారించి 2011లో నివేదిక ఇచ్చారు. అన్నీ సరిచేశారని కాదు. పిలిచి అడిగారు, రాసుకున్నారు. మా అయ్యను ఎవడడిగాడు?

"మీవాళ్లను సంతలో అమ్మలేదుగా" అన్నాడొకాయన, హోటల్ గదిలో. అమ్మలేదు. ఆఫ్రికావాడి కష్టాన్నీ మా కష్టాన్నీ నేను కాటాలో వెయ్యను. కానీ కొన్నవాడు పెట్టిన సొమ్ము కోసమన్నా బానిస ప్రాణం కాపాడుకుంటాడు, అంటరానివాడు చస్తే ఎవడి సొమ్మూ పోదు. అంబేద్కర్ ఈ లెక్క ఎప్పుడో తేల్చాడు. అంతకుముందే, 1873లో ఫూలే తన 'గులాంగిరీ'ని నల్లవాళ్ల బానిసత్వం తీసేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. పారిపోయిన బానిసకు కొండ దొరికింది. మా అయ్య ఎక్కడికి పారిపోవాలి? ఏ ఊరెళ్లినా ఊరి బయట పేట, పేటలోనే చోటు.

తిరిగొచ్చాక పంచాయతీలో అర్జీ పెట్టా. పెద్ద కట్టడమేం అడగలా. ఆ పాక ఉన్నచోట ఒక రాయి, దాని మీద అక్కడ పడుకున్న పాలేళ్ల పేర్లు. పదకొండు పేర్లు పోగుచేశా. "పాతవి తవ్వుకోవటం దేనికి మాస్టారూ" అన్నారు. పెద్దపంతులుగారిని సంతకం అడిగితే "చూద్దాం" అన్నాడు. పాక జాగాలో ఇప్పుడు కల్యాణమండపం ఉంది. గోడకు నల్లరాతి పలక, దాతగా కామందు కొడుకు పేరు. గుమ్మం పక్కన ఇంకో రాయికి రెండడుగుల చోటుంది. కొలిచి వచ్చా.