ఎర్ర బటన్ నొక్కే ముందు

కంప్రెసర్ ఆగిందంటే ఎందుకు ఆగిందని అడిగేవాళ్లు తక్కువ. ‘డైరెక్టు ఇచ్చేయన్నా, పాలు పోతాయి’ అనేవాళ్లే ఎక్కువ. మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో పాలకేంద్రాలు నడిపేవాళ్లకూ, బోరు మోటార్లతో వేగేవాళ్లకూ ఈ మాట కొత్త కాదు. డైరెక్టంటే ఏమీ లేదు, యంత్రాన్ని ఆపిన సేఫ్టీ స్విచ్చికి అటూ ఇటూ ఉన్న వైర్లను తీసి ఒకదానికొకటి ముడేయడం. స్విచ్ గోడకు ఉన్నట్టే ఉంటుంది, పని మాత్రం చెయ్యదు. ఇది చూసి చదువుకున్నవాళ్లు ‘మనవాళ్లకు భద్రత అంటే లెక్కలేదు’ అని తేల్చేస్తారు. ఆ తీర్పుతోనే నాకు పేచీ.

ఏప్రిల్‌లో సాయంత్రం పాలు పోసే వేళకు పాలను చల్లబరిచే బల్క్ కూలర్ ఉన్న గదికి ఏదైనా వెళ్లి చూడండి. క్యాన్లూ స్టీలు బకెట్లూ పట్టుకుని జనం వరుసలో ఉంటారు. పితికిన పాలు ఆవు ఒంటి వేడితోనే వస్తాయి. వాటిని మూడు నాలుగు గంటల్లో 4 డిగ్రీలకు దించాలి. యంత్రం మీద బరువంతా పడేది అప్పుడే, హైప్రెషర్ కటౌట్ అనే సేఫ్టీ స్విచ్ కొట్టేసేదీ అప్పుడే.

కండెన్సర్ గది వెనక పక్క ఉంటుంది. దాని పల్చటి రేకుల మధ్య రోడ్డు దుమ్ము, వరిగడ్డి నలుసులు, కోడి ఈకలు చేరి గట్టిగా అట్ట కట్టేసి ఉంటాయి. వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే అవతలి పక్క కనపడదు. గాలి ఆడకపోతే వేడి బయటికి పోదు, వేడి పోకపోతే లోపల గ్యాస్ ప్రెషర్ పెరుగుతుంది. ఫ్యాన్ కెపాసిటర్ పోయి రెక్కలు నీరసంగా తిరుగుతున్నా అంతే. పోయినసారి వచ్చిన మెకానిక్ గేజి చూడకుండా గ్యాస్ ఎక్కువ పట్టించి పోయినా అంతే. ప్రెషర్ హద్దు దాటగానే కటౌట్ కంప్రెసర్‌ని ఆపేస్తుంది. చాలా కటౌట్లు వాటంతటవి మళ్లీ కలవవు, చిన్న ఎర్ర బటన్ నొక్కాలి. మనిషి అక్కడిదాకా వచ్చి చూడాలనే తయారుచేసినవాడు అలా పెట్టాడు. మనిషి వస్తాడు, బటన్ నొక్కుతాడు, వెనక పక్కకు మాత్రం పోడు. కాసేపటికి మళ్లీ ఆగుతుంది. మళ్లీ నొక్కుతాడు. ఆ తర్వాత స్క్రూడ్రైవర్ బయటికొస్తుంది.

ఆ రాత్రికి పాలు నిలబడతాయి, కాదనలేం. ఆ తర్వాత ఎప్పుడో వైండింగ్ కాలుతుంది. అప్పుడు పోయేది ఒక పూట పాలు కాదు, కంప్రెసర్ మారేదాకా అన్ని పూటల పాలూ.

ఇది మనవాళ్ల జబ్బేనా? తేల్చుకోవడానికి ఇప్పుడు ఇంకో ఖండానికి వెళ్దాం. వేసవి సెలవుల్లో అమెరికాలో మోటర్ హోమ్ అద్దెకు తీసుకుని, పప్పన్నం కుక్కర్‌తో సహా ఎల్లోస్టోన్ తిరిగొచ్చే మన పిల్లలు ఇప్పుడు చాలామంది. ఆ బండ్లలో కనిపించే ఒక రకం ఫ్రిజ్‌లో కంప్రెసర్ ఉండదు, చప్పుడూ ఉండదు. అది మంట పెట్టి చల్లదనం పుట్టించే యంత్రం. స్టాక్‌హోమ్‌లో ఇంజనీరింగ్ చదువుతున్న బాల్ట్జర్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ 1922లో కనిపెట్టారు. వెనక ఉన్న ఉక్కు గొట్టాల్లో నీళ్లు, అమోనియా, హైడ్రోజన్ గట్టి ప్రెషర్ మీద ఉంటాయి. కింద చిన్న గ్యాస్ మంటో, కరెంటు హీటరో బాయిలర్‌ను వేడి చేస్తే నీళ్లలోంచి అమోనియా ఆవిరై పైకి పోతుంది, చల్లబడి ద్రవమవుతుంది, హైడ్రోజన్ ఉన్నచోటికి వచ్చి మళ్లీ ఆవిరవుతూ పెట్టెలోని వేడిని లాక్కుంటుంది. తిరిగి నీళ్లలో కలిసి కిందికి జారుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు, గొట్టాల్లో ద్రవం వెనక్కి వచ్చేది వాలును పట్టుకునే.

ఆ ఫ్రిజ్ సేఫ్టీ మీద ఆగిపోతే వెతకాల్సిన చోట్లు ఇందులోంచే తెలుస్తాయి. బండి వాలుగా నిలబెట్టారా? కదులుతున్నంతసేపూ ఫరవాలేదు, వాలులో నిలిపి రాత్రంతా నడిపితేనే చిక్కు. ద్రవం ఎక్కడో మడుగు కట్టి బాయిలర్ ఎండిపోతుంది, ఎండిన బాయిలర్ మాడుతుంది. ఫ్రిజ్ వెనక గాలి పోయే దారిలో పక్షి గూడో, సాలెగూడో ఉందా? గ్యాస్ మంట నీలంగా ఉందా, పసుపుగా మారి పొగగొట్టంలో మసి పేరుకుందా? మంట ఉందో లేదో కనిపెట్టే థర్మోకపుల్ మంటలోనే ఉందా, పక్కకు ఒరిగిందా? ఇవన్నీ ఇంట్లో మనిషి చూసుకోగలిగినవే. ఇంకొకటి మాత్రం కాదు. గొట్టాల మీద పసుపు పొడి కనిపించినా, ముక్కు పగిలే అమోనియా వాసన వచ్చినా గొట్టం చిల్లు పడిందన్నమాట. తుప్పు పట్టకుండా లోపల కలిపే సోడియం క్రోమేట్ బయటికొచ్చి ఆరితే ఆ పసుపు. అప్పుడు గ్యాస్ కట్టేసి, కరెంటు తీసేసి, తలుపులు తెరిచి బయటికి వచ్చేయాలి. కారుతున్నది అమోనియా ఒక్కటే కాదు, హైడ్రోజన్ కూడా.

ఊరికే భయపెట్టడానికి చెప్పడం లేదు. 1997కూ 2003కూ మధ్య తయారైన ఫ్రిజ్‌లను డొమెటిక్ కంపెనీ 2006లో అమెరికాలో వెనక్కి పిలిచింది. అవి 9 లక్షలకు పైగా ఉన్నాయి. బాయిలర్ గొట్టంలో బీటలు వచ్చి మంటలు అంటుకునే ప్రమాదం ఉందని అలా చేసింది. నార్‌కోల్డ్ కంపెనీ కూడా తన 1200 శ్రేణి ఫ్రిజ్‌లను పిలిపించి, బాయిలర్ వేడి మితిమీరితే ఫ్రిజ్‌ను పూర్తిగా ఆపేసే పరికరం అమర్చింది. మరి ఆ పరికరం ఆపేసినప్పుడు అక్కడివాళ్లు ఏం చేస్తున్నారు? అందరూ కాదు గానీ కొందరు దాన్ని తప్పించి వైర్లు కలిపేస్తున్నారు. బండి ఊరికి దూరంగా అడవిలో ఉంది, ఫ్రిజ్‌లో వారానికి సరిపడా తిండి ఉంది, మెకానిక్ అపాయింట్‌మెంట్ పది రోజుల తర్వాత దొరుకుతుంది. చదువు, డబ్బు, చట్టం అన్నీ ఉన్నచోట కూడా చేయి స్క్రూడ్రైవర్ మీదికే పోయింది. కుప్పం మెకానిక్‌ను ఒక్కడినే ఎందుకు తిట్టాలి?

నాకు అర్థమైంది ఇదీ: ఆగడానికి వ్యవధి ఉన్నవాడే కారణం వెతుకుతాడు.

దీనికి రుజువు మదనపల్లెకు దగ్గరదే. క్షయరోగులకోసం 1915లో పెట్టిన ఆరోగ్యవరం శానటోరియం సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. క్షయ రాకుండా వేసే బీసీజీ టీకా మన దేశంలో మొదట వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి, అది 1948లో. అదే ఏడు మద్రాసు గిండీలో బీసీజీ లేబొరేటరీ వచ్చింది. 1950 నుంచి శానటోరియం డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ ఆధ్వర్యంలో ఈ చుట్టుపక్కల పల్లెల్లోనే టీకా ఎంతవరకు కాపాడుతుందో పరీక్షించారు. అప్పటి బీసీజీ ద్రవరూపంలో ఉండేది, చల్లగా ఉంచాలి, కొద్ది రోజుల్లోనే వాడేయాలి. కరెంటు లేనిచోట టీకాలకు ఒకప్పుడు చాలాచోట్ల దిక్కు కిరసనాయిలు ఫ్రిజ్‌లే. అవీ పైన చెప్పిన స్వీడన్ ఫ్రిజ్ బాపతే. వత్తి సరిగ్గా కత్తిరించాలి, మంట నీలంగా ఉండాలి, పొగగొట్టం తుడవాలి. చూసుకునేవాడు సెలవు పెడితే టీకా పాడయ్యేది.

ఇప్పుడు పీహెచ్‌సీలో ఉండే ఐస్ లైన్డ్ రిఫ్రిజిరేటర్‌ను చూడండి. దాని గోడల్లో మంచు పొర ఉంటుంది. ఇరవై నాలుగు గంటల్లో ఎనిమిది గంటలు కరెంటుంటే చాలు, టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉంటాయి. స్టెబిలైజర్ కట్ చేసిందనుకోండి, ఫ్రిజ్ ప్లగ్ పీకి తిన్నగా గోడ సాకెట్‌లో పెట్టేయాలన్న ఆత్రం అక్కడ పుట్టదు. మూత తెరవకుండా ఉంచి, ఫోన్ చేసి, మనిషి వచ్చేదాకా ఆగవచ్చు. ఆ యంత్రం ఇచ్చేది చల్లదనంతో పాటు గడువు. పోలియో చుక్కల సీసా మీద గుండ్రంలో చిన్న చదరం ఉంటుంది, 1996 నుంచి వస్తోంది. వేడి తగిలేకొద్దీ నల్లబడుతుంది, మళ్లీ తెల్లబడదు. దాన్ని డైరెక్టు చేయడం ఏ మెకానిక్ వల్లా కాదు.

పొలంలో మాత్రం అంత గడువు ఎక్కడిది? మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటార్ కాలకుండా ఆపే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టుకోమని స్టార్టర్ కొట్టువాడూ చెప్తాడు, కరెంటు ఆఫీసూ చెప్తుంది. త్రీఫేజ్ కరెంటు వచ్చేది రోజుకు తొమ్మిది గంటలు. టమోటా పూత మీదుంటుంది. వోల్టేజి ఊగిసలాడి ప్రివెంటర్ మాటిమాటికీ ఆపేస్తుంటే రైతు దాన్ని విప్పి పక్కన పడేస్తాడు. ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు ఎక్కువై వోల్టేజి పడిపోవడం అతని తప్పు కాదు. అయినా కాలిన మోటార్ బోరులోంచి లాగించే ఖర్చు, వైండింగ్ ఖర్చు అతనివే.

అందుకే పాలకేంద్రాలకు భద్రతా వారోత్సవాల ఉపన్యాసాలు వద్దంటాను. ముందు గడువు ఇవ్వండి. కరెంటున్నప్పుడు మంచు కట్టించి దాచుకునే ఐస్ బ్యాంక్ ట్యాంకులు పెద్ద డెయిరీల్లో ఎప్పటినుంచో ఉన్నాయి, వాటి చిన్న రూపం పల్లె కూలర్‌కూ కావాలి. అది కుదరకపోతే కూలర్ ఆగిన పూట పాలను పక్క కేంద్రానికి తరలించే వ్యాన్, దాని కిరాయి ఎవరిదో ముందే రాసుకున్న ఒప్పందం ఉండాలి. ఇంకోటి, మెయింటెనెన్స్ డబ్బు మనం ఇస్తున్నది చెడినప్పుడు వచ్చినందుకు. చెడకుండా కండెన్సర్ కడిగినందుకు ఎవరూ ఇవ్వరు, కాబట్టి ఎవరూ కడగరు. మార్చి మొదట్లో ఒకసారి, ఏప్రిల్ నడిమిలో ఒకసారి నీళ్లతో కడిగించి, ఫ్యాన్ చూపించి, కటౌట్ వైర్లు కటౌట్‌కే ఉన్నాయని కేంద్రం మనిషి ఎదుటే సంతకం పెట్టించి అప్పుడు బిల్లు చెల్లించండి.