వచ్చే రాష్ట్రపతి అభ్యర్థి ఏ గవర్నర్ బంగ్లాలో ఉన్నారో

2027 జూలైతో ద్రౌపది ముర్ము గారి పదవీకాలం అయిపోతుంది. మన గ్రూపుల్లో చర్చ అప్పుడే మొదలైంది. "బీజేపీ ఈసారి ఎవర్ని పెడ్తదన్నా? మళ్లీ మనోళ్లకే ఇస్తదా?" అని. రెండుసార్లు రాష్ట్రపతి అయింది రాజేంద్రప్రసాద్ ఒక్కరే. కాబట్టి ఆ ఆశ పక్కన పెడదాం.

నా అంచనా అడిగితే, పేరు చెప్పను, అడ్రస్ చెప్తా. గవర్నర్ బంగ్లా. 2017లో కోవింద్ బీహార్ గవర్నర్. ముర్ము గారు 2015 నుంచి 2021 దాకా జార్ఖండ్ గవర్నర్. ఉపరాష్ట్రపతుల్లో ధన్‌ఖడ్ బెంగాల్ నుంచి, రాధాకృష్ణన్ మహారాష్ట్ర నుంచి వచ్చారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న మన వెంకయ్యనాయుడు గారి పేరు 2022లో ఎంత నలిగినా చివరికి రాలేదు. పార్టీలో పెద్ద గొంతు ఉన్నోళ్లని కాదు, గవర్నర్‌గా పార్టీకి తలనొప్పి తేనోళ్లని చూస్తున్నట్టుంది.

అందుకే కులమేంది, తెగేంది అని లెక్కలేసుకోవడం కంటే, గవర్నర్‌గా ఏం చేశారని అడగడం మనకు ముఖ్యం. ఐదో షెడ్యూల్ ఉన్నది పది రాష్ట్రాల్లో. అక్కడ గవర్నర్ రెగ్యులేషన్ చేస్తారు, రాష్ట్రపతి ఆమోదిస్తేనే అది చెల్లుతుంది. మన 1/70 అట్లా వచ్చిందే. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవో 3 కొట్టేసింది. దాని జాగాలో ఏజెన్సీ టీచర్ పోస్టుల కోసం కొత్త రెగ్యులేషన్ అడగాలన్నా ఈ ఇద్దరి దగ్గరికే పోవాలి. బీఎడ్ చేసి ఇంట్లో కూర్చున్న మన పిల్లలకు ఇది ఢిల్లీ ముచ్చట కాదు.

ముర్ము గారి రికార్డే చూడండి. ఛోటానాగ్‌పూర్, సంతాల్ పరగణా కౌలు చట్టాలను సడలించే బిల్లుల్ని 2017లో ఆమె వెనక్కి పంపారు. అక్కడ ఉన్నది సొంత పార్టీ ప్రభుత్వమే. ఆ బిల్లులు ఆగిపోయాయి. అది చిన్న విషయం కాదు, ఆ గౌరవం ఇవ్వాల్సిందే. కానీ 2022 జూన్ 21న ఆమె పేరు ప్రకటించారు, సరిగ్గా వారానికి, 28న, కొత్త అటవీ నిబంధనలు వచ్చాయి. గ్రామసభ సమ్మతి సంగతి రాష్ట్రాలకు వదిలేసి, అంతకంటే ముందే కేంద్రం తుది అనుమతి ఇచ్చేసే వీలు వాటిలో ఉంది. 2023 ఆగస్టులో అటవీ సంరక్షణ సవరణ చట్టానికి ఆమె సంతకమే పడింది. ఒకసారి తిప్పి పంపే హక్కు రాష్ట్రపతికీ ఉంది కదా.

2022లో ఆంధ్రలో యశ్వంత్ సిన్హాకు ఒక్క ఓటూ పడలేదు. వైసీపీ, టీడీపీ రెండూ ముర్ము గారికే వేశాయి. ఆదివాసీ బిడ్డకు వేశామని చెప్పుకున్న ఆ పార్టీలనే ఇప్పుడు అడగాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల పాలన మీద గవర్నర్ ఏటా రాష్ట్రపతికి నివేదిక పంపాలని రాజ్యాంగం చెప్తుంది. ఈసారి ఏ గవర్నర్ పేరు వినపడినా, ముందు వాళ్లు పంపిన నివేదికలు బయటపెట్టమని మీ ఎమ్మెల్యేని అడగండి. ఓటు వేసేది వాళ్లే.